షెడ్డులో తగిలే దెబ్బ

2006 ఆగస్టు 7 తర్వాత కొన్ని రోజుల పాటు సూరత్ నగరమూ తాపీ నదీ ఒకటైపోయాయి. ఎగువన ఉకాయ్ జలాశయం నుంచి దాదాపు 9 లక్షల క్యూసెక్కుల నీటిని వదలడంతో నగరంలో ముప్పావు వంతు మునిగింది. అడాజన్, రాందేర్, అఠ్వా ప్రాంతాల్లో నీరు ఇళ్ల మొదటి అంతస్తులను తాకింది. వరద తీశాక వీధుల నిండా బురద, ఆ బురదలో కార్లు, ఆటోలు, స్కూటర్లు, టెంపోలు మిగిలాయి. వాటిలో చాలావాటికి పైకి ఒక్క సొట్ట కూడా లేదు. కడిగి తుడిస్తే కొత్తవాటిలా మెరిసేవే. చిక్కంతా అక్కడే ఉంది.

వాహనం విషయంలో వరద చేసే నష్టం ఒకటి, వరద తర్వాత మనిషి చేతులు చేసే నష్టం మరొకటి. నీళ్లలో నిలిచిన ఇంజిన్ దానంతటదే విరిగిపోదు. గాలి పీల్చుకునే గొట్టం గుండా నీరు సిలిండర్లలోకి చేరి ఊరకే కూర్చుంటుంది. గాలిని నొక్కితే కుంచించుకుంటుంది. నీరు కుంచించుకోదు. ఆ స్థితిలో ఎవరైనా తాళంచెవి తిప్పి సెల్ఫ్ కొడితే, పైకి వచ్చే పిస్టన్ వెళ్లి ఆ నీటిని గుద్దుకుంటుంది. కింద నుంచి దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. దీన్నే ఇంజనీర్లు హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. ఒత్తిడి ఎక్కువగా ఉండే డీజిల్ ఇంజిన్లలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

రాడ్డు బాగా వంగితే ఇంజిన్ అక్కడే బిగుసుకుపోతుంది. అదే మేలు, లోపం అప్పుడే బయటపడుతుంది. కొద్దిగా వంగితేనే అసలు కష్టం. నీరు తోడేసి, నూనె మార్చి మళ్లీ స్టార్ట్ చేస్తే బండి నడుస్తుంది. మెకానిక్ సంతోషిస్తాడు, యజమాని డబ్బు కట్టి తోలుకుపోతాడు. కానీ లోపల పిస్టన్ తన పూర్తి ఎత్తుకు రావడం లేదు. సిలిండరు గోడను ఒక పక్కకే రాసుకుంటోంది. పికప్ తగ్గుతుంది, ఇంజిన్ నూనె తాగడం మొదలుపెడుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఏ హైవే మీదో రాడ్డు విరిగి ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటకు రావచ్చు. అప్పటికి వరద ఒక పాత జ్ఞాపకం, బిల్లు ఒక చిరిగిన కాగితం.

నీట మునిగిన వాహనాన్ని ఏం చేయాలో రహస్యమేమీ కాదు. ముందు బ్యాటరీ తీగ విప్పాలి. స్టార్ట్ చేయకూడదు, తోసి గేరులో వేయకూడదు. పెట్రోలు ఇంజినయితే స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ ఇంజినయితే ఇంజెక్టర్లు లేదా గ్లో ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీటిని బయటకు పంపాలి. నూనెలో నీరు కలిస్తే అది పాలు పోసిన టీ రంగుకు మారుతుంది. దాన్నీ ఫిల్టర్లనూ పారేయాలి. గేర్‌బాక్సు నూనె, చక్రాల బేరింగులు, వైర్ల కనెక్టర్లు ఒక్కొక్కటీ విప్పి చూడాలి. ఈ పనికి గంటలు కాదు, రోజులు పడతాయి. అదే సమయంలో షెడ్డు ముందు పదుల సంఖ్యలో బళ్లు వరుస కట్టి ఉంటాయి. ‘ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం’ అనే మాట అక్కడే పుడుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

సూరత్‌లో తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మగ్గాల మీద పనికోసం దశాబ్దాల కిందటే వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఒక ఊరికి ఊరుగా పెరిగాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంత సంఖ్య వారిది. ఆ కుటుంబాలు ఎక్కువగా ఉండే లింబాయత్ పక్కనే మిఠీ ఖాడీ ప్రవహిస్తుంది. తాపీ పొంగకపోయినా, గట్టి వాన పడి ఈ వాగు పొంగితే చాలు, వీధుల్లో నిలిపిన బళ్ల చక్రాలు మునుగుతాయి. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు వేల వాహనాలు నీళ్లలోనే ఉండిపోయాయి. ఊరు మారినా వరద తర్వాతి దృశ్యం ఒకటే: మెకానిక్ షెడ్డు ముందు తాళంచెవులు పట్టుకుని నిలబడిన జనం.

వాళ్లలో అందరికీ బండి విలాసం కాదు. సూరత్ బట్ట ఒక్కచోట తయారవదు. మరమగ్గాల దగ్గర నేసిన ముడి బట్ట రంగులకూ అద్దకాలకూ పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడల్లోని ప్రాసెసింగ్ మిల్లులకు వెళ్తుంది. అక్కడి నుంచి రింగ్ రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్లకు చేరుతుంది. ఈ మజిలీల మధ్య బేళ్లను మోసేవి మూడు చక్రాల టెంపోలు, 2005లో టాటా ఏస్ వచ్చాక జనం ‘ఛోటా హాథీ’ అని పిలుచుకునే చిన్న ట్రక్కులు. మగ్గం వదిలి బండి కొనుక్కున్న మనిషికి అప్పు వాయిదా నెలనెలా వస్తుంది, బండి షెడ్డులో ఉన్నా వస్తుంది. ఇంజిన్ పోతే అతనికి పోయేది ఇనుము కాదు, కూలి నుంచి యజమాని స్థాయికి ఎక్కిన ఒక మెట్టు.

అసలు షెడ్డులో దెబ్బ తగలడానికి వరదే రానక్కర్లేదు. మామూలు సర్వీసింగ్ చాలు. నూనె మార్చడాన్నే తీసుకుంటే, ఇంజిన్ అడుగున చాంబరుకు ఒక డ్రెయిన్ నట్టు ఉంటుంది. చాలా వాహనాల్లో చాంబరు మెత్తని అల్యూమినియంతో చేసినది, నట్టు మాత్రం ఉక్కుది. పొడవాటి పానా పెట్టి బలంకొద్దీ బిగిస్తే చాంబరులోని మరలు అరిగిపోతాయి. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, నిజానికి సగం మరల మీద వేలాడుతుంటుంది. కొందరు దానికి టేపు చుట్టి, గమ్ము పూసి పంపేస్తారు. చుక్క చుక్కగా కారే నూనెను రోడ్డు తాగేస్తుంది. మీటరు మీద నూనె దీపం వెలిగేసరికి బేరింగులు ఎండి ఉంటాయి. వంద రూపాయల నట్టు దగ్గర మొదలైన కథ ఇంజిన్ బోరింగు దగ్గర ముగుస్తుంది.

చక్రాల నట్లది మరో కథ. చిన్న కార్లకు తయారీదారులు చెప్పే బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. గాలితో తిరిగే గన్ను అంతకు మూడు నాలుగు రెట్ల బలంతో బిగించగలదు. పంక్చరు షాపులో నిమిషంలో పనైపోతుంది. తీరా బోల్టు సాగిపోయి ఉంటుంది, బ్రేకు డిస్కు స్వల్పంగా వంకర తిరిగి ఉంటుంది. వేగంలో బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతుంది. యజమాని రోడ్డును తిట్టుకుంటాడు. అర్ధరాత్రి టైరు పేలితే బండిలోని చిన్న పానాతో ఆ నట్టు ఊడనే ఊడదు. దీనికి పూర్తి విరుద్ధమైన తప్పు ఇంకా ప్రమాదకరం: నాలుగు నట్లలో రెండు చేత్తో తిప్పి, ఫోను రావడంతో బిగించడం మరిచిపోవడం.

జాకీ ఎక్కడ పెట్టాలో ప్రతి వాహనానికీ నిర్ణీతమైన చోటు ఉంటుంది. తలుపుల కింది అంచులో గట్టిపరిచిన రేకు అది. అటూ ఇటూ పెడితే రేకు నలుగుతుంది, రంగు పగులుతుంది. పగిలిన రంగు కింద ఇనుముకు గాలి, నీరు తగులుతాయి. అరేబియా సముద్రానికి దగ్గరగా ఉన్న సూరత్‌లో ఉప్పుగాలికీ తేమకూ తుప్పు పట్టడానికి అంతకంటే సాయం అక్కర్లేదు. పైకి తలుపు నున్నగానే ఉంటుంది. కింద రేకు మాత్రం రెండు మూడు వానాకాలాల్లో జల్లెడ అవుతుంది.

బ్రేకులు విప్పినప్పుడు బరువైన కాలిపర్‌ను తీగతో కట్టి నిలపాలి. చాలా చోట్ల దాన్ని రబ్బరు గొట్టానికే వేలాడదీస్తారు. గొట్టం బయట చీలిక కనిపించదు, లోపలి పొర చిట్లుతుంది. రేడియేటరులో కూలెంట్ పోయాల్సిన చోట కుళాయి నీళ్లు పోస్తారు. ఆ రోజుకు వేడి తగ్గుతుంది, ఉప్పునీరైతే లోపల గార పట్టి సన్నని దారులు మూసుకుంటాయి. గాలి ఫిల్టరు డబ్బా మూతకు ఉన్న నాలుగు క్లిప్పుల్లో ఒకటి విరిగితే మూడింటితోనే సరిపెడతారు. ఆ సందులోంచి దుమ్ము నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి రింగులను అరగదీస్తుంది. వీటిలో ఏదీ పెద్ద నేరంలా కనిపించదు. అన్నీ చిన్న నిర్లక్ష్యాలే. వాహనం మాత్రం ప్రతిదాన్నీ లెక్క రాసుకుంటుంది.

వైరింగు దగ్గర నిర్లక్ష్యం నిప్పుతో చెలగాటమే. కొత్త హారన్లు, ఎక్కువ వెలుగు లైట్లు, మ్యూజిక్ సిస్టం పెట్టేటప్పుడు కంపెనీ వైర్ల కట్టను కోసి, రాగి తీగ చుట్టి, నల్ల టేపు అంటించడం దేశమంతటా ఉన్న అలవాటే. వేడికి టేపు జిగురు కారుతుంది, తీగ బయటపడుతుంది. ఫ్యూజు పదేపదే పోతుంటే కారణం వెతక్కుండా పెద్ద ఫ్యూజు వేసేస్తే, కాలిపోవాల్సిన ఫ్యూజుకు బదులు వైరే కాలుతుంది. బాడీకి వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ విప్పకపోతే ఆ కరెంటు వాహనపు ఎలక్ట్రానిక్ కంట్రోలు పెట్టెను దెబ్బతీయవచ్చు. అది వెంటనే చావకపోవచ్చు. ఒక వారం బాగుండి, ఒక వారం మొరాయించి, మెకానిక్‌నూ యజమానినీ కలిపి ఆటపట్టిస్తుంది.

గుజరాత్‌లో ఆటోలు, చాలా కార్లు నడిచేది సీఎన్‌జీ మీద. సిలిండరులో గ్యాసు దాదాపు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. అందుకే మూడేళ్లకోసారి సిలిండరుకు నీటి ఒత్తిడి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవడం తప్పనిసరి. తర్వాత అమర్చిన కిట్టు నాణ్యత, ఆ కిట్టు బిగించిన చేతి నైపుణ్యం మీదే ఆధారపడుతుంది. గ్యాసు గొట్టం ఎక్కడ వంచారు, సైలెన్సరుకు ఎంత దూరంలో తీసుకెళ్లారు, సిలిండరు పట్టీలు ఎంత గట్టిగా ఉన్నాయి అన్నవి డిక్కీ మూస్తే కనపడని సంగతులు. పెట్రోలు మీద బాగా నడిచిన బండి కిట్టు పెట్టాక మొరాయిస్తే తప్పు గ్యాసుదే అనుకోనక్కర్లేదు. సెన్సరు వైరును కోసి అతికించిన చోటు ఒకసారి చూడటం మంచిది.

ఇక టింకరింగు. గుద్దుకున్న కారును బాగు చేయడమంటే పాత ఆకారం తెప్పించడమే అని చాలామంది అనుకుంటారు. ఈనాటి కారు ముందు భాగాన్ని ప్రమాదంలో ఒక పద్ధతిలో నలిగి, లోపలి మనుషులకు తగలాల్సిన దెబ్బను మింగేటట్లు తయారు చేస్తారు. నలిగిన ఆ భాగాన్ని కాల్చి, సాగదీసి, సుత్తితో కొట్టి, పైన పుట్టీ పూసి రంగేస్తే అద్దంలా ఉంటుంది. కానీ వేడికి గట్టి ఉక్కు తన గట్టిదనం కోల్పోతుంది. మరోసారి గుద్దుకున్నప్పుడు ఆ భాగం నలగాల్సిన తీరులో నలగదు. పేలిన ఎయిర్‌బ్యాగును మార్చకుండా మీటరు మీద హెచ్చరిక దీపాన్ని మాత్రం ఆర్పేసే ఘనులూ ఉన్నారు. బీమా సొమ్ము, యజమాని డబ్బు రెండూ ఖర్చయ్యాక మిగిలేది రంగు మాత్రమే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. షెడ్డు దెబ్బను పట్టడం కష్టం కావడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది, అది తగిలే చోటు: బండి కింద, బానెట్టు లోపల, యజమాని కన్ను పడని దగ్గర. రెండోది, అది బయటపడే సమయం: నెలల తర్వాత, కొన్నిసార్లు బండి చేతులు మారాక. మూడోది, దాన్ని కనిపెట్టగల మనిషి: మరో మెకానిక్. అతను పాత మెకానిక్‌ను తిడతాడు తప్ప రాసి సంతకం పెట్టడు. చాలామంది ఈ మూడింటి మధ్య ఓడిపోయి, ‘బండి కలిసిరాలేదు’ అని తక్కువ ధరకు అమ్మేస్తారు. నష్టం మాత్రం పోదు, కొన్నవాడి ఇంటికి చేరుతుంది.

తప్పంతా మెకానిక్‌దే అనడమూ అన్యాయమే. వీధి షెడ్డులో పనిచేసే కుర్రాడు పని నేర్చుకున్నది చూసి, తిట్లు తిని. నట్టును ఎంత బిగించాలో చెప్పే టార్క్ పానా చాలా షెడ్లలో ఉండదు. ఆ లెక్కలుండే మాన్యువళ్లు అతనికి అందవు. వాహన కంపెనీలు విడిభాగాలు, రిపేరు మాన్యువళ్లు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్‌లకు దక్కనీయడం లేదన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు దాని మీద న్యాయపోరాటానికి దిగాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వాహనాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. మాన్యువల్ లేక జరిగిన తప్పు ఒకటి, ఉన్నా విప్పి చూడక జరిగిన తప్పు మరొకటి. పెద్ద షోరూముల సర్వీసు కేంద్రాల్లో జరిగేది ఈ రెండో రకం. అక్కడ ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. బండి దగ్గరికి మాత్రం వెళ్లనివ్వరు.

బీమా ఆదుకుంటుందా అంటే, అక్కడా మెలిక ఉంది. మామూలు మోటారు పాలసీ వరదలో మునిగిన నష్టాన్ని భరిస్తుంది. యాంత్రిక వైఫల్యాన్ని, పర్యవసానంగా వచ్చిన నష్టాన్ని భరించదు. ప్రమాదం తర్వాత మరమ్మతు చేయించకుండా బండిని నడిపితే ఆపై పెరిగిన నష్టం యజమానిదే అని పాలసీ షరతుల్లోనే రాసి ఉంటుంది. కాబట్టి నీటిలో మునిగిన ఇంజిన్‌ను సెల్ఫ్ కొట్టి రాడ్డు వంచితే, ఆ భాగం క్లెయిముకు కంపెనీ అడ్డు చెప్పే అవకాశం ఉంది. ఇలాంటి చేదు అనుభవాల తర్వాతి ఏళ్లలో ‘ఇంజిన్ ప్రొటెక్ట్’ పేరుతో అదనపు కవర్లు వచ్చాయి. వాగు పక్కన బండి నిలిపేవారికి అది అనవసరపు ఖర్చు కాదు. అయితే సెల్ఫ్ కొట్టింది యజమానా, షెడ్డు కుర్రాడా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే కాగితం లేకపోతే మాత్రం నష్టం యజమాని నెత్తినే పడుతుంది.

చట్టం మాత్రం యజమాని పక్షానే ఉంది, అదీ చాలా పాత చట్టం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం, బాగు చేయమని ఇచ్చిన వస్తువును తీసుకున్నవాడు దాన్ని సామాన్య వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. అతని చేతిలో ఉండగా వస్తువుకు నష్టం జరిగితే, తాను జాగ్రత్తగానే ఉన్నానని నిరూపించుకోవాల్సిన భారం మొదట అతనిదే. 1998లో ఢిల్లీలోని ఓ పెద్ద హోటల్ సిబ్బందికి పార్కింగు కోసం తాళంచెవి ఇచ్చిన కారు దొంగతనానికి గురైంది. ఆ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని గట్టిగా చెప్పింది. ‘యజమాని బాధ్యత మీదే’ అని చీటీ మీద అచ్చు వేసినంత మాత్రాన సొంత నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని తేల్చింది. ప్రతి సర్వీసు కేంద్రం జాబ్ కార్డు వెనక చిన్న అక్షరాల్లో కనిపించే వాక్యానికి విలువ ఎంతో దీన్నిబట్టే ఊహించవచ్చు.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకు నష్టం కలిగించడం, తెలిసిన విషయాన్ని కావాలని దాచడం రెండూ సేవా లోపాలే అని అది స్పష్టంగా చెబుతోంది. మరలు పోయాయని తెలిసీ టేపు చుట్టి పంపడం ఈ రెండింటి కిందికీ వస్తుంది. స్వయం ఉపాధితో కేవలం బతుకుతెరువు కోసం కొనుక్కున్నదాన్ని వాణిజ్య అవసరంగా లెక్కించకూడదన్నది ఈ చట్టంలోని మినహాయింపు. బేళ్లు మోసుకునే టెంపో యజమాని కూడా వినియోగదారే అని వాదించడానికి ఆ మినహాయింపే ఆధారం. పాత చట్టంలో లేని మరో వెసులుబాటు కూడా ఉంది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. ఊరికి వస్తూ దారిలో మహారాష్ట్రలో బండి బాగు చేయించినవాడు ఆ ఊరికి తిరగనక్కర్లేదు. సూరత్ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులోనూ పలుకుతుంది.

ఇంత చట్టం ఉన్నా కేసులు ఎందుకు నిలబడవు? కాగితం లేకనే. కార్మిక సేవలకు 18 శాతం జీఎస్టీ ఉంటుంది. ‘బిల్లు వద్దంటే అంత తగ్గుతుంది’ అన్న మాటకు తలూపిన క్షణంలోనే యజమాని తన సాక్ష్యాన్ని అమ్ముకుంటున్నాడు. జీఎస్టీ పరిధిలోకి రాని చిన్న షెడ్డు కూడా ఏం చేశాడో, ఎంత తీసుకున్నాడో తెల్లకాగితం మీద రాసివ్వగలదు. వలస బతుకులో ఇంకో మొహమాటం తోడవుతుంది. మెకానిక్ తన భాష మాట్లాడితే, ‘మనోడే కదా, కాగితం ఎందుకు’ అనిపిస్తుంది. మనోడైనా మరిచిపోతాడు. కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు. ఇద్దరి జ్ఞాపకమూ తప్పకుండా ఉండటానికి చేసుకున్న ఏర్పాటు.

జాగ్రత్తలకు పెద్ద చదువు అక్కర్లేదు. చేతిలో ఫోను ఉంటే చాలు. బండి అప్పగించే ముందు నాలుగు వైపులా, మీటరు రీడింగు, బానెట్టు లోపల, వీలైతే కింద కూడా ఫొటోలు తీయాలి. ఏ పని కోసం ఇస్తున్నారో జాబ్ కార్డులో రాయించాలి. మునిగిన బండయితే ‘స్టార్ట్ చేయలేదు, సిలిండర్లు తనిఖీ చేయకుండా స్టార్ట్ చేయరాదు’ అన్న ఒక్క వాక్యం చేర్చాలి. ఆ ఒక్క వాక్యం బీమా కంపెనీ దగ్గరా కమిషన్ దగ్గరా పనికొస్తుంది. మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోవాలి. అవి లేకపోతే మార్చారని నమ్మడానికి ఆధారం లేదు. బండి తీసుకున్నాక పది నిమిషాలు నడిపి, కాసేపు ఆపి, కింద శుభ్రమైన అట్టముక్క పరిస్తే ఏ చుక్క ఎక్కడ పడిందో అదే చెబుతుంది. చక్రాల నట్లను బండిలోని సొంత పానాతో ఒకసారి విప్పి చూసుకోవాలి. మరమ్మతు డబ్బు కట్టేదాకా బండిని పట్టి ఉంచుకునే హక్కు షెడ్డుకు ఉంది. అందువల్ల వివాదం ఉన్నా గొడవపడి బండిని అక్కడే వదిలేయడం కంటే, అభ్యంతరం ఉందని రాసి డబ్బు కట్టి తెచ్చుకోవడం మేలు. ఆ తర్వాత మరోచోట విప్పించేటప్పుడు కనిపించినది ఫొటో తీయించి, రెండో మెకానిక్ చేత రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోవాలి.

పాత బండి కొనేవారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వరదలో మునిగి బీమా కంపెనీ పూర్తి నష్టంగా లెక్కగట్టిన వాహనం యాజమాన్య పత్రం మీద ఆ సంగతి ముద్రపడుతుంది. భారతదేశపు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద అలాంటి గడి లేదు. సూరత్‌లో మునిగిన కారు మరో రాష్ట్రంలో కొత్త సీటు కవర్లతో అమ్మకానికి నిలబడితే పత్రాలు ఏమీ చెప్పవు. చెప్పేవి వేరే ఉన్నాయి: సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద గీత, సీటు కింది బోల్టుల తుప్పు, హెడ్‌లైటు లోపలి ఆవిరి మరక, కార్పెట్టు ఎత్తితే వచ్చే ముక్క వాసన. బీమా కంపెనీ నుంచి గత క్లెయిముల వివరాలు అడిగించుకోవడం అన్నిటికంటే ఖాయమైన దారి.

మంచి మెకానిక్‌లకు సూరత్‌లోనూ కొదవ లేదు, తెలుగు పట్టణాల్లోనూ లేదు. వాళ్లను గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. చేసిన పనిని బండి కిందికి పిలిచి చూపిస్తారు, పాత భాగం అడక్కముందే చేతిలో పెడతారు, తప్పు జరిగితే ముందే చెబుతారు. పొరపాటున మర పోయిందని నిజాయితీగా చెప్పి కొత్త మర వేసిచ్చే షెడ్డుకు వందో రెండు వందలో ఎక్కువిచ్చినా నష్టం లేదు. కొలతల పానా కొనుక్కున్న కుర్రాడి దగ్గర కాస్త ఆలస్యమైనా ఓపిక పట్టవచ్చు. త్వరగా, చౌకగా, కాగితం లేకుండా కావాలని ఖాతాదారులే అడుగుతుంటే, షెడ్లు కూడా అలాగే తయారవుతాయి.